పీసీఆర్ గదిలో పెన్‌డ్రైవ్

నాగాయలంకలో రొయ్యపిల్లల్ని పరీక్షించే ల్యాబ్‌లో నేను అసిస్టెంట్‌గా చేరింది 2007లోనండి. చదువు ఇంటర్‌తో ఆపేసినదాన్ని, పని నేర్పిస్తామని తీసుకున్నారు. ఇప్పుడు మానేశాను.

చెరువులో పిల్ల వదిలే ముందు రైతు, పిల్లని పొదిగించి అమ్మే హేచరీ ట్యాంకులోంచి శాంపిల్ తెస్తాడు. దాన్ని నలిపి, మందులు కలిపి పీసీఆర్ మిషన్లో పెడతాం. తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో పక్కనున్న కంప్యూటర్లో తెలుస్తుంది. గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచాలి, గది మారితే గ్లౌజులు మార్చాలి. మా ఇన్‌చార్జి ప్రసాద్ గారు ఈ విషయంలో ఎవర్నీ వదిలేవారు కాదు.

రిపోర్టు మాత్రం రైతు తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చేవాళ్ళం. మా ప్రింటర్ పాడైంది, వాళ్ళు బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్లో తీయించుకునేవాళ్ళు. ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఎవరం అడగలేదు. యాంటీవైరస్ వేస్తే మిషన్ ప్రోగ్రామ్ ఆగిపోతుందని, వారంటీ కూడా పోతుందని కంపెనీ ఇంజినీరు చెప్పేశాడు.

మరుసటేడు సీజన్లో సుబ్బారావు బాబాయ్ శాంపిల్ తెచ్చారు. మా బంధువేం కాదు, ఊరందరికీ బాబాయే. కౌలు చెరువు. కిందటి పంట తెల్లమచ్చతో పోయింది, ఇదీ పోతే మళ్ళీ కౌలుకి ఇవ్వనని చెరువు ఆసామి చెప్పేశాడు.

పరీక్ష సగంలో ఉండగా కంప్యూటర్ ఆగిపోయింది. ఆన్ చేస్తే దానంతటదే ఆఫ్ అవుతోంది. ప్రసాద్ గారు హైదరాబాద్‌లో మిషన్ కంపెనీకి ఫోన్ చేస్తే, పెన్‌డ్రైవ్‌లోంచి కంప్యూటర్‌కి వైరస్ ఎక్కి ఉంటుంది, మనిషి రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు.

"బందరు ల్యాబ్‌కి పంపిద్దాం బాబాయ్, రేపటికి వచ్చేస్తుంది" అన్నాను.

"రేపటిదాకా ఆ ట్యాంకు నాకోసం ఎవడుంచుతాడమ్మా? సాయంత్రంలోపు చెప్పకపోతే కోడూరు వాళ్ళకిచ్చేస్తానన్నాడు హేచరీ వాడు."

"టెస్టు లేకుండా ఎలా వదులుతారు?"

"పిల్ల హుషారుగానే ఉంది. ఇవాళ్టికి మీ పెట్టె కంటే నా కళ్ళే నయంలే" అని నవ్వారు.

ప్రసాద్ గారు వద్దనే చెప్పారు. వేరే పిల్ల ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేకపోయారు. ఆ సాయంత్రమే బాబాయ్ ఆ పిల్లని కొని చెరువులో వదిలేశారు.

నెల దాటాక బాబాయ్ చచ్చిన రొయ్యని కవర్లో వేసుకొచ్చారు. పెంకు మీద మచ్చలు కంటికే కనబడుతున్నాయి. "ఇప్పుడు పనిచేస్తోందా మిషన్?" అని అడిగారు. చేస్తోందన్నాను. పరీక్ష చేస్తే తెల్లమచ్చే. పిల్లతోనే వచ్చిందో, పక్క చెరువు నీళ్ళతో వచ్చిందో ఇక తేలదు. సగంలో ఆగిన శాంపిల్ ఆ రోజే పారేశాం. కౌలు పోయి ఆయన నందివాడలో ఎవరిదో చేపల చెరువుకి కాపలా కుదిరారు.

ఇంజినీరు మాత్రం అప్పుడే, చెప్పినట్టు నాలుగు రోజులకి వచ్చాడు. అన్నీ తుడిచేసి, మళ్ళీ వేసి, యాంటీవైరస్ వద్దని మళ్ళీ చెప్పి వెళ్ళాడు. ప్రింటర్ రాలేదు. ఆ వారంలోనే ఒకాయన పెన్‌డ్రైవ్ తెస్తే నేను తీసుకోనన్నాను. "వేరే ల్యాబ్‌కి పోతారమ్మా" అని ప్రసాద్ గారే తీసుకుని కంప్యూటర్‌కి పెట్టారు.

మొదటిసారి తెలియక జరిగింది. తర్వాతవన్నీ తెలిసే చేశాం. ప్రమాదం తెలిసినంత మాత్రాన ఏదీ ఆగదని, ఆపే అధికారం ఎవరో ఒకరి చేతిలో ఉండాలని అక్కడ నేర్చుకున్నాను. మా ల్యాబ్‌లో అది ఎవరికీ లేదు.