గడ్డికి పోసిన నీళ్లు

సైనికులకి తెలుగు రాదన్న ధైర్యంతో మన బిల్డింగు మెట్ల దగ్గర ఈ కాగితం అంటిస్తున్నాను. పొద్దున నీళ్లకని మీరిచ్చిన పన్నెండు డబ్బాలూ ఖాళీగా ఎందుకొచ్చాయో చెప్పాలిగా.

సిటీలో ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో గడ్డి తడపడం నా పనని మీకు తెలుసు. అది సర్కారు డబ్బుతో నడిచే క్లబ్బు. మనముండే అబ్బాసియా పేటలో కుళాయిలు ఎండిన రోజుల్లో కూడా అక్కడి గడ్డి ఎండలేదు. ఇరాక్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించాక ఆటలు ఆగిపోయాయి గానీ, ట్యాంకులో నీళ్లు మిగిలే ఉన్నాయి. అవి తెద్దామనే కడప సుబ్బన్నా నేనూ క్లబ్బు పికప్‌లో వెళ్లాం.

చివరి డబ్బా మూత బిగిస్తుంటే వీపుకి తుపాకీ తగిలింది.

"నీళ్లు ఎక్కడికి?" అని అరబీలో అడిగాడు సైనికుడు.

దొంగల్ని కాల్చేస్తున్నారని విన్నాం కదా, ఇంటికి తీసుకెళ్తున్నామని ఒప్పుకోలేకపోయాను. ఏళ్ల అలవాటు కొద్దీ, "గడ్డికి" అనేశాను.

"అయితే గడ్డికే పొయ్యి. యల్లా, తొందరగా!"

వాడు గోల్‌పోస్టుకి ఆనుకుని చూస్తుండగా పన్నెండు డబ్బాలూ గడ్డికే పోశాం.

"న్నా, పిల్లోళ్లు తాగే నీళ్లు గదన్నా ఇయ్యి," అని సుబ్బన్న గొణుగుతుంటే, నోరు మూయమని కాలు తొక్కాను.

నన్ను తిట్టేవాళ్లు తిట్టండి. ఆ క్షణంలో మీకు ఇంకేదైనా జవాబు తోచేదా? తోచేదంటే ఈ కాగితం కిందే రాయండి. గడ్డి బాగా తడిపానట, రేపు పొద్దున కూడా రమ్మన్నాడు. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు వాడు లాక్కున్నాడు, అది వాడి జేబులోనే ఉంది.