పూరీలో మునిగిన కళ్ళద్దాలు

ఆ రోజుల్లో తార్నాకలో కొత్తగా పెళ్ళయిన జంటకు ఏ లోటూ ఉండేది కాదు, ఇద్దరూ మాట్లాడుకునే చోటు తప్ప. మా రెండు గదుల ఇంట్లో అత్తమ్మ, మామయ్య, ముగ్గురు ఆడబిడ్డలు, మేమిద్దరం. మా ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు (అదీ టెంపరరీ). ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు. మహా సిగ్గరి. రోడ్డు మీద నాకు నాలుగు బారల ముందు నడిచేవాడు. చూసేవాళ్ళకు నేనాయన్ని తరుముతున్నట్టుండేది. దసరా సెలవుల్లో ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "పూరీ పోదామా? గాడ మనల్ని ఎరిగినోడు ఒక్కడుండడు" అని గుసగుసలాడాడు.

ఎరిగినవాడు లేడు, నిజమే. ఎరగనివాళ్ళు మాత్రం దేశం నలుమూలల నుంచీ దిగి ఉన్నారు. ఇసకలో కూర్చున్నామో లేదో గవ్వల దండలవాడు వచ్చాడు. వాడు పోతే ముత్యాలవాడు, తరవాత ఒంటెవాడు. గుడి దగ్గరి పూజారి, పండా ఒకడైతే మా గోత్రం చెప్పేదాకా కదలనని మా మధ్యనే కూర్చున్నాడు. ఫోటోలు తీసేవాడు మా ఆయన చెయ్యి లాగి నా భుజం మీద వేశాడు. వేడి పెనం తగిలినట్టు ఈయన చెయ్యి వెనక్కి తీసుకుని, "పా, నీళ్ళల్లకే పోదాం. గాడికి ఎవ్వడు రాడు" అన్నాడు. అక్కడికీ వచ్చాడు, చెయ్యి పట్టుకుని స్నానం చేయిస్తానంటూ ఒక జాలరి. "నాకవసరం లేదు. మా ఊరి మోటబాయిల ఈత కొట్టినోణ్ణి" అని మా ఆయన వాణ్ణి పంపించేసి, సముద్రానికి వీపు పెట్టి, ఏదో చెప్పబోతూ మొట్టమొదటిసారి నావైపు ప్రేమగా చూశాడు. సరిగ్గా అప్పుడే అల వచ్చింది. అల వెళ్ళాక మనిషి మిగిలాడు, అద్దాలు మిగల్లేదు.

"ఏమే, ఏడున్నవ్?" అంటూ పక్కనున్న ఒక లావుపాటి పెద్దావిడ చెయ్యి పట్టుకోబోతుంటే, పరుగెత్తి నా చెయ్యి అందించాను. ఇక ఆ చెయ్యి వదల్లేదు. గుళ్ళో, బజార్లో, హోటల్లో, ఎక్కడైనా నేనే నడిపించాలి.

"గీడ ఏమున్నది?"

"జనం."

"గా దిక్కు?"

"గాడ గూడ జనమే."

"మరి సముద్రమేది?"

"జనం ఎన్క ఉన్నది."

ఫోటోవాడు మళ్ళీ దొరికాడు. ఈసారి మా ఆయన నా భుజం తనంతట తానే గట్టిగా పట్టుకున్నాడు. ఆ ఫోటో ఇంకా ఉంది. నేను కెమెరాను చూస్తుంటాను, ఆయన ఒంటెను చూస్తుంటాడు.

చేతులు పట్టుకునే తార్నాకలో రిక్షా దిగాం. "సిగ్గంత సముద్రంల కలిపొచ్చిన్రా?" అంది అత్తమ్మ. అసలు చిక్కు అది కాదు. అంత పవరున్న అద్దాలు బొంబాయి నుంచి రావాలన్నాడు షాపతను. సెలవులేమో అయిపోయాయి, ల్యాబులో పరీక్షలు మొదలవుతున్నాయి. కళ్ళు కనబడవంటే టెంపరరీ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. "నువ్వు గూడ రా" అన్నాడు. ఏడో తరగతితో చదువు ఆపిన నేను, పిల్లలందరూ కిటికీలెక్కి చూస్తుండగా, ఆయన్ని చెయ్యి పట్టుకుని క్యాంపస్‌లో నడిపించుకుపోయాను. ల్యాబులో పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్కో కుర్రాడూ తన గాజు బుడ్డి తెచ్చి చూపిస్తే నేను రంగు చెప్పడం, ఆయన మార్కులు వెయ్యడం.

"ఉల్లిపొర రంగు."

"కరెక్ట్. నెక్స్ట్."

"ఇది బీట్రూట్ లెక్కున్నది."

"ఎక్కువ పోసినవ్‌రా! మళ్ళ చెయ్యి."

అంతలో శాఖ పెద్దసారు లోపలికి వచ్చాడు. కుర్రాళ్ళు ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు సర్దుకున్నారు. "ఎవరయ్యా ఈమె?" అన్నాడు. మా ఆయన గొంతు వచ్చిన వైపు తిరిగి, చేతులు కట్టుకుని, "నా కళ్ళద్దాలు, సార్" అన్నాడు.

పెద్దసారు నన్ను చూశాడు, నా చేతిలోని బుడ్డిని చూశాడు. "నంబరు మంచిగ కుదిరిందయ్యా నీకు. పరీక్ష కానియ్యి" అని వెళ్ళిపోయాడు. గుమ్మం దాటాక ఆయన నవ్వు వరండా పొడుగునా వినిపించింది.

అద్దాలు వచ్చిన రోజు పెట్టుకుని నన్ను అదేపనిగా చూస్తుంటే, "ఏంది గట్ల చూస్తున్నవ్?" అన్నాను. "పూరీల ఎట్లున్నవో చూడలే గద" అన్నాడు. ఇప్పుడు నాకే అద్దాలున్నాయి, ఏ రంగు చూసినా ఇదేనా అని ఇద్దర్ని అడుగుతాను. అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు స్టూలెక్కి బీట్రూట్ అని తీర్పు చెప్పిన ఆ పిల్లకు అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచిస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.