నోటి గ్యారంటీ

మద్దేడ్‌లో వారం వారం జరిగే అంగడిలో మా వదినకు చిన్న ఇడ్లీ హోటల్ ఉంది. దానికి ఎదురుగా ఒకతను టార్పాలిన్ కట్టుకుని ఫ్యాన్లు, మిక్సీలు, గ్రైండర్లు అమ్ముతాడు. అంగడి అంగడికీ వస్తాడు. రుబ్బీ రుబ్బీ వదిన కుడి భుజం పట్టేసి, ఇక హోటల్ మూసుకోవడమే అనుకుంటున్న రోజుల్లో అతని దగ్గరే ఒక పేరున్న కంపెనీ గ్రైండర్ కొంది. బిల్లు అడిగితే అతను గుండె మీద చెయ్యి వేసుకుని, "బిల్లెందుకు అక్కా, గ్యారంటీ నాది" అన్నాడట.

ఏడాది తిరగకముందే మోటారు కాలిపోయింది. పెట్టెలో దొరికిన వారంటీ కార్డు పట్టుకుని, గ్రైండర్‌ను బస్సెక్కించి, వదినా నేనూ జగదల్‌పుర్‌లోని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి ఉద్యోగి కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. డీలర్ ముద్ర ఉండాల్సిన చోట ఖాళీ. తమ డీలర్ల దగ్గర కొన్న సరుకుకే వారంటీ అనీ, ఇది బయటివాళ్లు అమ్మింది కాబట్టి కుదరదనీ హిందీలో మర్యాదగానే చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. సరుకు మీదే, దాని మీద పేరూ మీదే, ఎవరమ్మితే ఏమిటని వాదనకు దిగాను. వదిన నన్ను ఆపి ఒక్కటే అడిగింది: "ఔర్ గ్యారంటీ?"

గ్యారంటీ ఇచ్చి ఉంటే అమ్మినతనే ఇచ్చి ఉంటాడు, వెళ్లి అతన్నే అడగమన్నాడు ఆ ఉద్యోగి.

నాకది మమ్మల్ని వదిలించుకునే మాటలాగే వినబడింది. వదిన మాత్రం తేలికపడిన మొహంతో బయటికి వచ్చింది.

"విన్నవా? వారంటీ కంపెనీది. గ్యారంటీ వాని నోటిది. కార్డు పనిచెయ్యకపోతే ఏంది, మనిషి ఉన్నడు గద" అంది.

మరుసటి అంగడికి మనిషి ఉన్నాడు గానీ మాట మార్చాడు. "కంపెనీయే కాదంటే నేనేం జేస్త అక్కా" అన్నాడు. వదిన గొడవ పడలేదు. పెరట్లోని రుబ్బురోలును హోటల్ ముందుకు దొర్లించమని నాకు చెప్పి, పక్కనే చచ్చిన గ్రైండర్ పెట్టి, ఎడమ చేత్తో రుబ్బడం మొదలుపెట్టింది. గ్రైండర్ ఉండగా ఇదేమిటని అడిగినవాళ్లకు అడిగిన భాషలోనే, తెలుగులో, దోర్లీలో, గోండీలో, హిందీలో, ఒకే జవాబు చెప్పింది. "ఆ తమ్ముడు గ్యారంటీ ఇచ్చిండు. అది వచ్చేదాక ఇంతే."

అందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క అబద్ధం లేదు. పైగా మధ్యాహ్నం అతనికి ఇడ్లీ ప్లేటు కూడా పంపింది. అతని టార్పాలిన్ కింద బేరం పలచబడింది. నేనైతే అంగడంతా వినేలా అరిచేవాణ్ని, జనం కాసేపు నవ్వుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఆమెను చూస్తే గర్వంగా ఉంది. ఆ రెండో భుజం కూడా పట్టేస్తే హోటల్ గతి ఏమిటని భయంగానూ ఉంది.

సాయంత్రం దుకాణం సర్దుకుంటూ అతను గ్రైండర్‌ను తనే ఎత్తి బండిలో పెట్టుకున్నాడు. తర్వాతి అంగడికి కొత్త మోటారు వేయించి తెచ్చాడు. ప్లగ్గు పెట్టి, ఒక వాయి పిండి మెత్తగా నలిగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

"నడుస్తున్నదక్కా. ఇగ ఆ రోలు లోపలికి జరుపరాదా" అన్నాడు.

ఆ తర్వాత ఒక అంగడి రోజు హోటల్లో ఇడ్లీ తింటూ చూశాను. ఎదురుగా ఒక రైతు మిక్సీ బేరమాడుతూ గ్యారంటీ ఉందా అని అడిగాడు. అలవాటుగా అతని చెయ్యి గుండె మీదికి లేచింది, సగంలో ఆగింది. మా హోటల్ వైపు చూశాడు.

"బిల్లు లేదన్నా, కంపెనీ వారంటీ రాదు. నా గ్యారంటీ కావాల్నంటే రా, అక్క ముంగట చెప్త."

వదిన చేతులు తుడుచుకుంటూ వినడానికి బయటికి వచ్చింది.