బర్రె ఏమన్నదంటే

ఆ రోజుల్లో మా అలియాబాద్ ఇంట్లో చెత్తబుట్ట అనే వస్తువే ఉండేది కాదు. చిరిగిన చీర బొంతయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డయ్యేది, బియ్యం కడిగిన నీళ్లూ కూరగాయల తొక్కలూ వాకిట్లోని కుడితి గోలెంలోకి, అక్కణ్ణుంచి మా అవ్వ పెంచే బర్రె కడుపులోకి వెళ్లేవి. (అటు బొంతకూ ఇటు బర్రెకూ పనికిరానిది మా ఇంట్లో నేనొక్కణ్ణే అని అవ్వ అభిప్రాయం.) అందుకే డిగ్రీ అయ్యాక కొంపల్లిలో ఒక అపార్టుమెంటుకు సూపర్‌వైజర్‌గా కుదిరి, మొదటిరోజు లిఫ్టు పక్కన పొంగిపొర్లుతున్న చెత్త డ్రమ్ములు చూసినప్పుడు నాకు కోపం రాలేదు. ఇంతమంది ఉన్న చోట ఒక్క బర్రె కూడా లేదా అని నిజంగానే జాలేసింది.

చెత్త బండి వస్తే వచ్చేది, లేకపోతే లేదు. అన్నం, తొక్కలు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ కలిసి కుళ్లి, ఆ వాసన లిఫ్టు అవసరం లేకుండానే ఐదో అంతస్తు ఎక్కేది. సెక్రటరీ సారు (మెడలో విజిల్ లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు, నిద్రలో కూడా ఊదేవారని వినికిడి) ఒకరోజు ముక్కు మూసుకుని నన్ను పిలిచారు. "చూడు తమ్మీ, నెలాఖరుకు ఈ వాసనన్న పోవాలె, నువ్వన్న పోవాలె. గంతే!" అది నా మొదటి ఉద్యోగం. దొరికిందని అవ్వ వాడకట్టంతా బెల్లం పంచింది. ఆ తీపి నోట్లో ఉండగానే తిరిగెళ్లి ఏ మొహం చూపించను?

తడి చెత్త వేరుగా పెట్టమని ఇంటింటికీ తిరిగి బతిమాలాను. "టైమెక్కడుంది బాబూ!" అంటూ మూడో అంతస్తు ఆంటీ తలుపు వేసేయబోయారు. ఆ సందులోంచి అనేశాను: "మా ఇంట్ల బర్రె ఉన్నదాంటీ. కవర్లు కలుపకుండ తొక్కలిస్తె దానికి తీస్కపోత." తలుపు ఆగింది. ఆ సాయంత్రం ఒక డబ్బా తొక్కలు నా చేతికొచ్చాయి. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఎదురొచ్చి, "ఏమంది మీ బర్రె?" అని అడిగారు. నిజానికి అది ఏమీ అనలేదు, తిని తోక ఊపింది. కానీ అంత ఆశగా అడిగిన మనిషికి అంత చప్పటి జవాబు ఎలా ఇస్తాం? "మీ సొరకాయ పొట్టు మస్తు నచ్చిందాంటీ! మొదటి అంతస్తోళ్లది వాసన జూసి మూతి తిప్పుకున్నది" అన్నాను.

సాయంత్రానికల్లా మొదటి అంతస్తు ఆంటీ నా బల్ల ముందు నిలబడ్డారు. "మా తొక్కలకేం రోగం?" అంతే, పోటీ మొదలైంది. కొద్దిరోజుల్లోనే నా బైకుకు రెండు వైపులా పాలక్యాన్లు వేలాడాయి, డ్రమ్ముల్లో వాసన పోయింది, సారు విజిల్లో కూడా సంతోషం వినిపించింది. అయితే ఆడిన అబద్ధానికి అంతెక్కడిది? నేను రోజూ బర్రె మెప్పులు మోసుకెళ్లేకొద్దీ తొక్కల స్థానంలో నెయ్యి రాసిన చపాతీలూ, పులిహోరా, చివరికి జీడిపప్పుతో క్యారెట్ హల్వా రావడం మొదలుపెట్టాయి. చెత్త తగ్గించబోయి నేను వంటలు పెంచాను. ఇంట్లో అవ్వ తల పట్టుకుంది. "ఏందిరా గిది? బర్రె గడ్డి ముడుతలేదు, పాలు తగ్గినయి!" (అది పొద్దున్నే రోడ్డెక్కి కొంపల్లి వైపు చూస్తూ నిలబడేది. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.)

ఇంతలో ఒక ఆదివారం శామీర్‌పేట చెరువు చూడ్డానికి బయల్దేరిన ఇద్దరు ఆంటీలూ, సెక్రటరీ సారూ దారిలో మా వాకిట్లో కారు దిగారు. చేతుల్లో మూతలు పెట్టిన గిన్నెలు. "ఇవాళ మీ బర్రెను మేమే అడుగుతాం!" అన్నారు మూడో అంతస్తు ఆంటీ. నా పని అయిపోయిందనుకున్నాను. అబద్ధం బయటపడితే రేపటి నుంచి మళ్లీ అదే డ్రమ్ము, అదే వాసన, నేను ఇంట్లో.

పేడ చేతులు కడుక్కుంటూ అవ్వ వచ్చింది. "గిదంత ఎవలికమ్మా?" అంది. బర్రెకే అన్నారు. అవ్వ హల్వా వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. (చిన్నప్పుడు తిన్న దెబ్బలన్నీ ఆ చూపులో ఒకేసారి తగిలాయి.) "అవ్వా, మా వంటల గురించి మీ బర్రె నిజంగా మాట్లాడుతుందా?" అని మూడో అంతస్తు ఆంటీ అడగనే అడిగారు.

అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని, బర్రె మూతి దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నది. మధ్యలో "ఆఁ, ఆఁ" అని తల కూడా ఊపింది. "అంటాందమ్మా. 'మీరు తినేది నాకు వెట్టి, నా కడుపు ఖరాబు జేస్తున్రు. హల్వ మీరే తినున్రి, పొట్టు నాకు పంపున్రి' అంటాంది. నేనంటలేను తల్లీ, అదంటాంది!"

తర్వాత చాప పరిచి అందరికీ వడ్డించింది. ఒకరి వంట ఒకరు అప్పుడే మొదటిసారి తిన్నారు. "జీడిపప్పు భలే వేయించారండీ" అని మొదటి అంతస్తు ఆంటీ మూడో అంతస్తు ఆంటీతో అన్నారు. సారుకు నోటినిండా హల్వా ఉండటంతో విజిల్ ఊదే వీల్లేకపోయింది. బర్రెకు మాత్రం గిన్నెలు కడిగిన నీళ్లు దక్కాయి. సోమవారం నుంచి క్యాన్లలో పొట్టు తప్ప మరేమీ రాలేదు, నా ఉద్యోగం నిలిచింది.

కారు వెళ్లాక అవ్వ అడిగింది. "బర్రె మాట్లాడ్తదని ఎవడురా జెప్పింది?"

"నేనే అవ్వా."

"జెప్తె జెప్పినవ్, నాకు ముందుగాల ఒక మాట అనద్దా? ఇంకింత మంచిగ మాట్లాడిపిస్తుంటి గద!"

ఇప్పుడు నేను యాప్రాల్లో ఫ్లాటులో ఉంటున్నాను. అవ్వ లేదు, బర్రె లేదు. బియ్యం కడిగిన నీళ్లు మాత్రం పారబోయలేక బాల్కనీలో కరివేపాకు మొక్కకు పోస్తాను. అదేమన్నదో ఇంట్లో ఎవరూ అడగరు. అయినా పోసిన ప్రతిసారీ దాని మీదికి వంగి, అవ్వలాగే "ఆఁ, ఆఁ" అంటూ కాసేపు వింటాను.