బాలింత గదిలో బాన

మాపలేసాకు రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టిందని తెలియగానే ఆడవాళ్ళు చేసిన మొదటి పని, పిల్ల తండ్రి తెబెలో నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించడం. మగపిల్లాడైతే కర్రతో నాలుగు తగిలించేవారు. మొఖొత్లోంగ్ కొండల్లో తండ్రికి కబురు చెప్పే పద్ధతి అది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ కొండల్లో జూన్ అంటే నడి చలికాలం, అయినా ఎవరూ జాలిపడరు. నీళ్ళు తేవడానికి చేతికందింది ఇంట్లోని పెద్ద బాన. తెబెలో కేకలు పెడుతూ దొడ్డి చుట్టూ పరిగెత్తాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది అతని తల్లి మాతెబెలో. అక్కడ తల్లిని మొదటి బిడ్డ పేరుకు ముందు 'మా' చేర్చి పిలుస్తారు. ఆ సంబరంలో ఆవిడ బానలో మిగిలిన నీళ్ళ సంగతి మరిచిపోయి, దాన్ని వాకిట్లోనే వదిలేసింది.

తెల్లారేసరికి నీళ్ళు గడ్డకట్టాయి. బాన నిలువునా చీలింది.

అది మాతెబెలో అత్తగారు చేసిన బాన. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ పండక్కీ జొన్న బీరు అందులోనే పులిసింది. కాన్పయిన గది కప్పులో రెల్లు గుచ్చారంటే తల్లీ బిడ్డా చలికాలం పోయేదాకా గడప దాటరు. వాళ్ళు బయటికొచ్చే రోజున ఆడవాళ్ళ పండగ. దానికి బీరు ఉండాలి, బీరుకు బాన ఉండాలి. చుట్టుపక్కల వాళ్ళందరికీ కుండలు చేసిచ్చేది మాతెబెలోనే.

ఆ మాట ఆడపడుచు మాలెఫు గుర్తుచేయకుండా ఉంటుందా?

"ఊరంతా నీ కుండల్లో తాగుతుంటే, నీ మనవరాలి పండక్కి మాత్రం నా నీలం డ్రమ్ము కావాలా వదినా? పట్టుకుపో. కిరసనాయిలు వాసన పెద్దగా రాదులే."

"నీ డ్రమ్ములో నువ్వే స్నానం చెయ్యి," అంది మాతెబెలో.

పొలం పని ఉండదు కాబట్టి ఆవిడ ఏటా చలికాలంలోనే మట్టి ముట్టుకుంటుంది. పొలం పని ఉండదంతే, మిగతావన్నీ ఉంటాయి. ఊటకు వెళ్ళి నీళ్ళు తేవాలి. పెద్ద మనవరాలు పలేసాను బడికి తయారుచేయాలి. భర్త ఫకిసో దగ్గుకు కషాయం, కోడలికి జొన్న అంబలి, అందరికీ మొక్కజొన్న ముద్ద. ఆరేసిన పొత్తిగుడ్డలు తీగమీదే రేకుల్లా బిగుసుకుపోతే, వాటిని పొయ్యి దగ్గర వేలాడదీయాలి. ఈ పనుల సందుల్లో కుమ్మరి సారె లేకుండా, మట్టిని తాళ్ళలా చేసి, ఒక వరస మీద ఇంకో వరస పేర్చుకుంటూ బాన లేపింది.

మొదటిసారి లేపిన బాన వంటగుడిసెలోనే గడ్డకట్టింది. పచ్చిమట్టిలోని తడి మంచయితే, పొద్దున ముట్టుకోగానే అది బిస్కెట్టులా రాలిపోతుంది.

"ఏమే, ఇది బానా, పిండా?" అన్నాడు ఫకిసో.

"నీ దగ్గు కంటే గట్టిగానే ఉండేది రాత్రి," అందావిడ. మళ్ళీ మట్టి పిసికింది.

ఈసారి బాన లేపాక దాన్ని ఎక్కడ ఆరబెట్టాలో బాగా ఆలోచించింది. ఇంట్లో రాత్రింబవళ్ళు నిప్పు ఆరని చోటు ఒక్కటే ఉంది. బానను గుడ్డల్లో చుట్టి బాలింత గదిలో పెట్టింది.

మాపలేసా రాజధాని మసేరులో పెరిగిన పిల్ల. మట్టి పాత్రలంటే ఆమెకు తెలిసింది రోడ్డు పక్కన పర్యాటకులకు అమ్మేవే.

"అత్తమ్మా, నన్నూ పిల్లనీ ఇక్కడ పెట్టారు, సరే. మట్టిక్కూడా పథ్యమా?"

"అదీ నీలాంటిదే. చలిగాలి తగలకూడదు, తొందరపెట్టకూడదు."

పిల్ల నిద్రపోయాక ఆ గదిలో చేయడానికి ఏ పనీ లేదు. ఒకరోజు అత్తగారు వచ్చేసరికి బాన పొట్టమీద అరచేయంత మేర నున్నగా మెరుస్తోంది. పక్కనే నునుపు పెట్టే గులకరాయి. కోడలు తల వంచుకుని కూర్చుంది.

మాతెబెలో వంగి చూసింది. "గోళ్ళు తీసుకో. గీతలు పడుతున్నాయి," అని అంబలి గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పిల్ల నిద్రపోయినప్పుడల్లా గదిలోంచి రాయి రుద్దే చప్పుడు వినిపించేది.

బాన మొత్తం మెరుపెక్కే వేళకు మంచు పడింది. కొండ దాటే కనుమ దారి మూసుకుపోయింది. దొడ్డి నేలను పారతో పలకలుగా కోసి ఎండబెట్టిన పేడే అక్కడ వంటకైనా వెచ్చదనానికైనా. ఇంట్లోకి వాడే పేడ గుట్ట అయిపోయింది. మిగిలింది బాన కాల్చడానికి మాతెబెలో విడిగా దాచుకున్న గుట్ట. దానిమీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడే రెండు పలకలు చంకన పెట్టుకుని బాలింత గదిలోకి వెళ్ళింది.

"అత్తమ్మా, అవి బాన కోసం కదా?"

"బాన ఏడవదు. జరుగు."

మంచు కరిగేలోపు ఆ గుట్ట కూడా బూడిదైంది. దొడ్డిలో ఉన్నది తడి పేడ, ఎండ ముదిరితే గాని పనికిరాదు. కాల్చని బానలో నీళ్ళు పోస్తే మళ్ళీ బురదే. ఊళ్ళో ఎవరిని అడిగినా, ఎవరి పొయ్యికి వాళ్ళకే చాలడం లేదు. ఒక పొద్దున మాలెఫు నీలం డ్రమ్మును ఇసుకతో తోమి తెచ్చి, గుమ్మం పక్కన పెట్టింది. ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. మాతెబెలోకు అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ రోజే ఫకిసో గాడిదను విప్పాడు. "పైకొండ మేతగుడిసె కప్పు మంచుకు కూలిందేమో చూసొస్తా," అన్నాడు. ఆ గుడిసెలో వేసవిలో పశువులు మేపేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. మర్నాడు మధ్యాహ్నం దగ్గుకుంటూ దిగాడు. గాడిదకు రెండు పక్కలా గోతాలు.

"కప్పు ఎలా ఉంది?" అడిగింది మాతెబెలో.

"కప్పు బాగానే ఉంది. కింద పాత చెత్త పేరుకుపోతే ఎత్తుకొచ్చా."

గోతాల నిండా ఎముకలా ఎండిన పేడ పలకలు. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది.

"ఆ దగ్గుతో కొండెక్కుతావా? చస్తే ఎవరు మోస్తారు?"

"గాడిద ఉందిగా."

ఆ రాత్రి అతని కంబళి మీద ఆవిడ తన కంబళి కూడా కప్పింది.

గాలి లేని పొద్దున చూసి బాన కాల్చారు. మంట సూటిగా తగలకుండా, చీలిన పాత బాన పెంకుల్నే కొత్తదాని చుట్టూ పేర్చింది. మధ్యలో గాలి తిరిగి ఒక పక్క నల్లటి మచ్చ పడింది. చల్లారాక ఆవిడ వేలి కణుపుతో మెల్లగా తట్టింది.

గదిలోంచి కోడలి గొంతు వినిపించింది. "అత్తమ్మా! మోగిందా?"

మాతెబెలో బాన ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి, తలుపు అవతలికి వినబడేలా మళ్ళీ తట్టింది. గంటలా మోగింది. లోపల పిల్ల లేచి ఏడుపు అందుకుంది.

"దానిక్కూడా వినబడింది," అంది మాపలేసా.

పల్చటి గంజి కాచి పోసి, బాన కారకుండా చేశారు. పండగనాడు నురగతో బీరు పొంగుతుంటే మాతెబెలో మొదటి గరిటె నేలమీద పోసి అత్తగారి పేరు చెప్పింది. "మీది పగలగొట్టాను. దీన్ని కాల్చేటప్పుడు కాపాడారు," అంది. తల్లులైన ఆడవాళ్ళకే ప్రవేశం కాబట్టి ఫకిసో బయట గోడమీద కంబళి కప్పుకుని కూర్చున్నాడు.

"నా పేడకైనా ఒక డబ్బా రాదా?"

"మగాళ్ళు లోపలికి రాకూడదన్నయ్యా!" అరిచింది మాలెఫు.

"నేను రానమ్మా. అదే బయటికొస్తే చాలు."

రెండో గరిటెతో డబ్బా నింపి మాతెబెలోనే బయటికి తీసుకెళ్ళింది. అతను తాగి, మీసం తుడుచుకుని, "అమ్మ బానలోని రుచి రాలేదు," అన్నాడు.

"వస్తుంది. ఇంకో ఇద్దరు పుట్టనీ," అని పక్కనే కూర్చుని, డబ్బా అందుకుని తనూ ఒక గుక్క తాగింది.

అందరూ వెళ్ళాక మాపలేసా పిల్లను అత్తగారి చేతికిచ్చి, బాన కడిగింది. లోపల చుక్క తడి లేకుండా గుడ్డతో తుడిచి, వంటగుడిసెలోకి మోసుకెళ్ళి బోర్లించింది. అలా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.