మడిచీర మీద సిరా చుక్కలు

ఇందిరాబాయి బొమ్మలకు కళ్ళూ ముక్కూ ఉండవు. ఉండేదల్లా కదలికే. సిరా బిళ్ళ నీళ్ళలో కరిగించి, తడి కుంచెతో ఒక్క ఊపున గీసేది. కండెలు చుట్టే నేతగత్తెలు, శెనక్కాయలు పీకే కూలీలు, ఉరుకుంద బస్సు కోసం చీర ఎగ్గట్టి పరుగెత్తే అమ్మలక్కలు. ఆమె కోసం వాళ్ళు ఆగుతారా ఏమిటి? వాళ్ళ పని వాళ్ళది, ఈమె కుంచె ఈమెది.

బడిపంతులు వెంకోబారావు భార్యకు ఇదేం పిచ్చని ఎమ్మిగనూరులో వాళ్ళ వీధంతా బుగ్గలు నొక్కుకునేది. డెబ్భై తొమ్మిదిలో ఆదోనిలో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారని విన్నప్పటి నుంచి, ఒక్కసారైనా తన బొమ్మ నలుగురి కంటా పడాలని ఇందిర ప్రాణం కొట్టుకుంది. భర్తనడిగితే "మా అమ్మ సరే అంటే నాదేముంది?" అని తప్పుకున్నాడు. భలే మగాడు! తల్లి కృష్ణాబాయి ముందు ఆయన నోరెప్పుడు పెగిలింది గనక.

అత్తగారిని అడగడానికి అదను చూస్తుండగానే కొంప మునిగింది. ముసురు పట్టి కాగితాలు ఆరడం లేదు. గాలి తగిలేది వెనక వసారాలోనే. అక్కడ ఎత్తైన దండెం మీద అత్తగారి మడిచీర ఆరుతోంది. దాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు. ముట్టకుంటే చాలు కదా అనుకుని, ఇందిర ఆ పైన దూలానికి తడి బొమ్మ తగిలించింది. సిరా కారుతుందన్న సంగతి మరిచింది.

"ఏమే ఇందిరా! మడిచీర చెడగొట్టినావు గదే! ఇప్పుడు నేనేం కట్టుకోని వంట చేసేది?"

కృష్ణాబాయి కేకకు ఇందిర కళ్ళనీళ్ళు కుక్కుకుంది. ఇక ఆదోని మీద ఆశ వదులుకోవాల్సిందే అనుకుంది.

అంతలో కృష్ణాబాయి తలెత్తి చూసింది. బొమ్మలో ఒక ఆడమనిషి కర్రతో చీరను దండెం మీదికి ఎత్తుతోంది. కుడి భుజం పైకి లేచింది, ఎడమ మోకాలు కాస్త వంగింది.

"ఎవరే ఇది?"

"మీరే అత్తయ్యా."

"నాకు మోకాలు నొప్పని నీకెట్ల తెలిసిందే? నేనెవరికీ చెప్పలేదే."

"దినామూ చూస్తాండాను గదా."

కృష్ణాబాయి చీర దింపి మళ్ళీ తడిపింది. పిండుతూ పిండుతూ, "ఆదోనికి నేనూ వస్తా" అంది.

ప్రదర్శనలో ఆ బొమ్మ ముందు జనం మూగారు. పత్తి మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు "మాయమ్మ గూడా ఇట్లే నిలబడతాది" అని ఒకరికొకరు చూపించుకున్నారు. ఇందిరకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

"కింద ఏం రాసినార్రా?" అని కృష్ణాబాయి కొడుకును అడిగింది.

"శ్రీమతి వెంకోబారావు."

ఆమె ప్రదర్శన పెట్టిన పెద్దమనిషి సుంకప్పను కేకేసింది. "అప్పా, ఈడ నా కొడుకు పేరెందుకు? వానికి సున్నా చుట్టేది గూడా సరిగా రాదు. ఇది గీసింది మా కోడలు. ఇందిరాబాయి అని రాయి."

వెంకోబారావు తలూపి నవ్వేశాడు. సుంకప్ప చీటీ మార్చి రాస్తుంటే ఇందిర ఒక్కో అక్షరమూ పెదవులతోనే చదువుకుంది. కృష్ణాబాయి మాత్రం వంగి చూసింది.

"ఇంకా పెద్దగా రాయప్పా. వాకిట్లోకి కనపడాల."