బయటి జనం కావాలన్నారు

తాళాల కంపెనీలో ఆమెను అందరూ అక్కయ్య అనే పిలిచేవారు, ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళతో సహా. పద్దెనిమిదేళ్ళపాటు ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుని లోకంలోని తిట్లన్నీ తిన్న మనిషికి ఆ మాత్రం మర్యాదైనా దక్కకపోతే ఎలా? తాళం పడనివాడూ, పడిన తాళం ఊడిరానివాడూ, తాళంచెవి తానే పారేసుకుని కంపెనీ మీద ఒంటికాలి మీద లేచేవాడూ, అందరూ ఆమె ఎడమచెవిలోనే అరిచేవారు. చివరికి ఆ చెవిలో కీచుమని ఒక మోత మొదలై, రాత్రీ పగలూ ఆగకుండా సాగింది. "ఇంకో రెండేళ్ళు ఆ ఫోను పట్టుకున్నారంటే ఈ చెవి మీద ఆశ వదులుకోండి" అని చెవి డాక్టరు తేల్చి చెప్పాడు.

అందుకే, కంపెనీ సోషల్ మీడియా పేజీ చూసుకునే మనిషి మానేసిన రోజునే అక్కయ్య యజమాని గదిలోకి వెళ్ళి, ఆ పని తనకిమ్మని అడిగింది. ఆయన్ను పెద్దసారు అంటారు. మంచివాడే, కానీ తన మంచితనం మీద ఆయనకు కాస్త ఎక్కువ నమ్మకం.

"ఇస్తానమ్మా. కానీ మూడేళ్ళుగా మన పేజీలో ఆ నాలుగు వేలమందే. అందరూ మనవాళ్ళే. బయటి జనం రావాలి. మూడు నెలలు చూస్తా, రాకపోతే నీ ఫోను నీకు ఉండనే ఉంది" అన్నాడు.

ఆ చివరి మాటకు అక్కయ్య చెయ్యి ఎడమచెవి మీదికి పోయింది. అయినా తలూపి వచ్చేసింది.

ఇక ఆ పేజీ భాగోతం వినండి. రోజూ ఉదయం పది గంటలకు ఒక పోస్టు పడేది. పెద్దసారు కొత్త యంత్రం పక్కన, పెద్దసారు డీలర్ల మధ్య, పెద్దసారు ఒంటరిగా ఆలోచనలో. పోస్టు పడగానే షెడ్డులో గంట మోగేది. మూడువందల పదహారు మంది పని ఆపి, జేబుల్లోంచి ఫోన్లు తీసి, తలా ఒక లైకు కొట్టి మళ్ళీ పనిలో పడేవారు. హాజరు గుమాస్తా ఫోనులో పేర్లు చూస్తూ రిజిస్టరులో టిక్కులు పెట్టేవాడు. ఎవరైనా కొట్టకపోతే సాయంత్రం పిలిచి, "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాడు. భార్యల చేత, బావమరుదుల చేత కూడా కొట్టించేవారు పాపం. పెద్దసారు ఆ లెక్క చూసి మురిసిపోయేవాడు. ఇంత పిచ్చి పని ఇంకెక్కడైనా జరుగుతుందా అంటే నాకు తెలియదు. అక్కడ మాత్రం మూడేళ్ళు జరిగింది.

మొదటి నెలంతా అక్కయ్య రంగురంగుల బొమ్మలు పెట్టింది, పాటలు జోడించింది. ఒక్క పరాయి మనిషి రాలేదు. ఇంట్లో భోజనం ముందు పెట్టుకుని ఫోను వంకే చూస్తుంటే కూతురు లాక్కుని చూసింది.

"అమ్మా, లైకు కొట్టేవాళ్ళు ఒక్కరైనా ఆగి చూస్తున్నారా? అందరూ పది గంటలకు వస్తారు, నొక్కుతారు, పోతారు. ఇది వీళ్ళ సొంత గోల అనుకుని ఆ యాప్ మళ్ళీ వీళ్ళకే చూపిస్తుంది. ముందు మీవాళ్ళను నొక్కడం మానమను."

"మానమంటే మీ పెద్దసారు ఊరుకుంటాడా?" అంది అక్కయ్య పరధ్యానంగా.

"మా పెద్దసారు కాదు, మీ పెద్దసారు" అంది కూతురు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు విషయం చెబితే పెద్దసారు కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. "సరే, గంట ఆపించు. గంట లేకపోయినా మనవాళ్ళు కొట్టకుండా ఉండలేరులే" అన్నాడు. మొదటి రోజు పదకొండు లైకులు పడ్డాయి. వాటిలో ఒకటి హాజరు గుమాస్తాది, ఇంకొకటి పెద్దసారుదే. ఆ వారమంతా ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అక్కయ్య ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. రెండో నెల అలాగే గడిచిపోయింది. ఆమెకు ఓపిక పోయి, నిద్రా పోయి, వట్టి అలసట మిగిలింది.

మూడో నెల మొదట్లో, తన పాత కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోనులో ఎవరినో బతిమాలుతుంటే అక్కయ్య ఆగి విన్నది. తాళంచెవి సగానికి విరిగి లోపల ఇరుక్కుందట. ఇన్నేళ్ళుగా తనకు ఫోను చేసినవాళ్ళంతా బయటి జనమే కదా అని ఆమెకు అప్పుడు తట్టింది. ఒక్కడంటే ఒక్కడు పెద్దసారు ఎలా ఉన్నాడని అడగలేదు.

రిపేరు గదిలోని ముసలి మేస్త్రీని అందరూ బాబాయి అంటారు. అక్కయ్య తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, నీ చేతులు వీడియో తీస్తా."

"మొహం వద్దా?"

"మొహం పెద్దసారు ఇప్పటికే చాలా ఇచ్చాడు."

బాబాయి పడీపడీ నవ్వి, సన్నటి రంపపు బ్లేడుతో విరిగిన ముక్కను మెల్లగా బయటికి లాగి చూపించాడు. తాళంలో నూనె పోయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది, పెన్సిలు ముల్లు పొడి చేసి వేయండి అన్నాడు. మొత్తం నిమిషమున్నర. అక్కయ్య దాన్ని అలాగే పెట్టేసింది.

వారం తిరిగేసరికి దాన్ని ఆరు లక్షలమంది చూశారు. ఎన్నడూ ఎరగని పేర్లు, ఎక్కడెక్కడివాళ్ళో. మా బీరువా తెరుచుకోవట్లేదు, మా అత్తగారి పెట్టె తాళం తుప్పు పట్టింది, మా గేటుకి ఏ తాళం వేయమంటారు అని కింద వందల ప్రశ్నలు. ఇంకో నాలుగు వీడియోలు పెట్టేసరికి పేజీలో జనం నాలుగు వేల నుంచి ముప్ఫై ఒక్క వేలయ్యారు. ఇంకా పది రోజుల గడువుంది. అక్కయ్య ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. ఇక ఆ ఫోను ముట్టుకోనక్కర్లేదు అనుకుంది.

గడువు రోజున పెద్దసారు షెడ్డులో అందరినీ నిలబెట్టి ఆమెను తెగ పొగిడాడు. ఆ తరువాత తన గదికి పిలిచాడు.

"ఇంతమంది ప్రశ్నలు అడుగుతుంటే జవాబు చెప్పకపోతే బాగుంటుందా? వీడియోల కింద మన ఫోను నంబరు పెట్టించాను. పొద్దున్నుంచి మోత ఆగట్లేదు, ఆ పిల్ల చేతులెత్తేసింది. నువ్వు పిలిచిన జనం, నువ్వే మాట్లాడాలి. పేజీ కూడా నీదే, ఎవరికీ ఇవ్వను" అన్నాడు, వరమిస్తున్నట్టు.

"సార్, నా చెవి..."

"కుడిచెవితో మాట్లాడమ్మా" అన్నాడు ఆప్యాయంగా.

ఆమె తిరిగి తన చోటికి వచ్చింది. ఫోనును అప్పటికే తన బల్ల మీదికి మార్చేశారు. కూర్చోగానే మోగింది. పాత అలవాటు కొద్దీ చెయ్యి దాన్ని ఎడమచెవికే ఆనించింది. అవతల ఎవరో ఆడమనిషి మెత్తగా, మర్యాదగా ఏదో చెబుతోంది. కీచుమనే మోతలో ఆ మాటలు ఒక్కటీ అందలేదు.

"కొంచెం గట్టిగా మాట్లాడండమ్మా" అంది అక్కయ్య. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.